ఒక చెంచా చెర్రీ పాకం పెట్టినందుకు రద్దయిన నాలుగు గంటలు

పురపాలక సాంఘిక సంక్షేమ విభాగాధికారి గారి సముఖమునకు,

మొరావా ఒడ్డు కాలనీ, ఆరో బ్లాకు, నాలుగో అంతస్తు నివాసి వుకాషిన్ ప్రొకిచ్, వయస్సు ఇరవై రెండు, చక్రాల కుర్చీలో ఉండువాడు, సమర్పించుకొను అర్జీ.

విషయం: ఇంటికి రోబో ఇచ్చిన కారణముగా మనిషి సహాయమును రద్దు చేయుట గురించి.

అయ్యా,

1. నేను రోబోలకు వ్యతిరేకిని కాను. దస్త్రంలో నన్ను కృతఘ్నుడని రాసుకునే అవకాశం తమకు ఇవ్వదలచుకోలేదు కనుక ఇది ముందే చెబుతున్నాను. "యంత్రం జాలిపడదు, అందుకే అది మాకు కావాలి" అని వికలాంగుల సంఘం తరఫున కరపత్రం రాసినవాణ్ణి నేనే. జారిపడిన పుస్తకాన్ని పదోసారి తీసి ఇచ్చేటప్పుడు కూడా అది నిట్టూర్చదు. ఆ స్వేచ్ఛ ఎంతటిదో తమ పుస్తకం తామే తీసుకోగలిగిన వారికి తెలియదు.

2. అయితే దానికున్నది ఒక్క చెయ్యి. గ్లాసు అందిస్తుంది, తలుపు తీస్తుంది. నన్ను పక్కకు తిప్పలేదు, కుర్చీలోకి ఎక్కించలేదు, మరుగుదొడ్డికి తీసుకుపోలేదు. ఆ పనులన్నీ తమ విభాగం తరఫున రోజుకు నాలుగు గంటలు వచ్చే సహాయకురాలు దెసాంకా పిన్ని చేసేది. రోబోలు పంచిన సభలో "ఇది అదనపు సాయం, మనిషికి బదులు కాదు" అని మైకులో చెప్పినది తమరే. చప్పట్లు కొట్టడానికి చేతులు లేవక నేను గొంతు పోయేలా జేజేలు పలికాను.

3. గత నెల పదకొండున తమ పరిశీలకురాలు వచ్చినారు. గడప దాటి వచ్చినవారికి ఒక చెంచా పళ్ల పాకం, గ్లాసు నీళ్లు ఇవ్వకుండా మాట మొదలుపెట్టే ఇల్లు మన సెర్బియాలో ఉండదు. ఆ పళ్లెం రోబో చేత పట్టించడానికి వారం రోజులు తంటాలు పడ్డాను. మూడు గ్లాసులు పగిలాయి.

"ఒరేయ్ విప్లవకారుడా, ఆ పళ్లెం నేనిస్తాలే. వచ్చేది చుట్టం కాదు, ఇన్‌స్పెక్షను!" అంది దెసాంకా పిన్ని.

"నా ఇంటికొచ్చిన మనిషికి నేనే పెట్టుకుంటా. నువ్వుంటే నిన్ను చూస్తుంది, నన్ను చూడదు. కాసేపు బజారుకెళ్లి రా పిన్నీ."

"వెళ్తాలే దొరా! స్నానం చేయించి, గుండీలు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టాక నాతో పనేముందిప్పుడు!"

పళ్లెం తొణక్కుండా వచ్చింది. "అబ్బ, బంగారు బాబూ! నీకింకేం లోటు?" అన్నారు పరిశీలకురాలు. నేను పొంగిపోయాను. అంతటి మూర్ఖుణ్ణి.

4. వారి నివేదిక: "లబ్ధిదారుడు పరిశుభ్రముగా ఉన్నాడు. సహాయకురాలు కనిపించలేదు. యంత్రముతో అతిథి మర్యాదలు సైతం నిర్వహించుచున్నాడు. మానవ సహాయము అనవసరము." ఒకటో తేదీ నుంచి నాలుగు గంటలూ రద్దు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. దీన్ని పరిశీలన అనరు, దగా అంటారు.

5. దెసాంకా పిన్నిని వేరే పేటకు మార్చినారు. మా అమ్మ తెల్లవారుజామునే బేకరీ పనికి వెళ్తే మూడింటికి గాని రాదు. అందాకా నేను పడక మీదే.

కావున ఆ నాలుగు గంటలు తిరిగి ఇప్పించవలెను. అందుకు బదులుగా రోబోను పట్టుకుపోతామనరాదు. రెండూ మా హక్కు. ఈ మొర చిత్తగించి, వారం లోపల కాగితం మీద జవాబు ఇవ్వవలెను.

నిన్నటిదాకా తమ విధేయుడు,
వుకాషిన్ ప్రొకిచ్

తా.క.: మళ్లీ ఎవరినైనా పంపేటట్టయితే మధ్యాహ్నం పన్నెండుకు పంపండి. ముందుగా కబురు చేయవద్దు. తలుపు రోబో తీస్తుంది. నేరుగా పడకగదిలోకి రమ్మనండి. పక్క తడిసి ఉంటుంది, వాసన వస్తుంది. ఈసారి దాచను.