ఎడంచేతి ముడి

కడియం,
ఆగస్టు 1998

అప్పాజీ బాబాయ్ గారికి,

ఎదురుగా నిలబడి చెప్పే మొహం లేక ఈ కాగితం మా ఆవిడ సూర్యకళ చేతికిచ్చి పంపుతున్నాను.

మీ నర్సరీలో క్రోటన్ల వెనక దొరికిన ఆ నాలుగు గంజాయి మొక్కలూ నావేనండి. మా పెరట్లో అరటిచెట్ల మధ్య పెంచాను. నేను తాగడానికే, అమ్మడానికి కాదు. ఊళ్లో సోదాలు చేస్తున్నారని తెలిసి భయపడి, తవ్వి కుండీల్లోకి మార్చి మీ తోటలో పెట్టాను. మిమ్మల్నెవరూ అనుమానించరనుకున్నాను. పీకి పారేస్తే సరిపోయేది. వేరు తెగకుండా తియ్యడం మీరు నేర్పిన పని, చెయ్యి ఊరుకోలేదు.

నిన్న ఎస్సైగారు కుండీ బోర్లిస్తే మట్టిగడ్డ చెదరకుండా వచ్చింది. చుట్టూ వరిగడ్డి, దానిమీద అరటినార. ఎడమకి తిరిగిన ఆ ముడిని మీరు వేలితో తడిమారు. "ఎవరి పనయ్యా ఇది?" అని ఆయన అడిగితే, నాకేసి చూడకుండా "తెలీదండి" అన్నారు. అలాగే జీపెక్కారు.

పనిలో చేరిన కొత్తలో నా ఎడంచేతివాటం చూసి అందరూ నవ్వితే, "ఆ చేత్తోనే కట్టరా, ఏ చెయ్యో మొక్కకేం తెలుస్తుంది" అన్నారు మీరు. మొక్కకి తెలీదు బాబాయ్. మీకు తెలిసింది.

రాత్రి మిమ్మల్ని ఇంటికి పంపేసి, రేపు మళ్లీ స్టేషన్‌కి రమ్మన్నారట. మీరు వెళ్లకండి. పొద్దున్నే నేను వెళ్తాను. ఎస్సైగారు నమ్మకపోతే, అరటినార ఇమ్మని అడిగి ఆ ముడి వాళ్లముందే కట్టి చూపిస్తాను.

మీ దగ్గర పని నేర్చుకున్నవాడు