వాన కొలిచే డబ్బాకు కుంకుమబొట్టు

నైనా, నువ్వు పోయాక మొదటి పెద్దవాన మొన్న రాత్రి కురిసింది. మిల్లు షిఫ్టుకు పోయేముందు వాన కొలిచి వాతావరణ ఆఫీసుకు నువ్వు రాసే కార్డు ఇప్పుడు నేనే రాస్తున్నాను. నిన్న తెల్లారగానే పెరట్లోకి పరుగెత్తితే, నీ రాగిడబ్బా ఖాళీగా తళతళలాడుతోంది. ఆయుధపూజ కదా, అమ్మ దాన్ని చింతపండుతో తోమి, గరాటు అంచుకు కుంకుమ పెట్టింది.

"నీళ్లు పారబోస్తివా అమ్మా?"

"మిల్లులో మిషన్లకంతా బొట్టు పెట్టిరే, మీ నైనా ఆయుధం ఇదిదానే! ఏదో ఒకటి రాసెయ్యి. ఎవరొచ్చి చూస్తారు?"

ఊరంతా తడిసిన వాన నీ కార్డులో లేకుండా పోతుందా? రుబ్బురోట్లో నిలిచిన నీళ్లలో స్కేలు పెట్టి చూశాను. గుంట అడుగున సన్నం కదా, లెక్క తేలలేదు. నువ్వు ఊహించి రాసేవాడివి కాదు. "వాన పడింది. కొలవకముందే పూజకు తోమారు" అని రాసి పోస్టు చేశాను.

రాత్రి మళ్లీ చినుకులు పడ్డాయి. ఈ పొద్దు నేను లేచేసరికి అమ్మ కొలతగ్లాసును వెలుతురుకెత్తి చూస్తోంది.

"ఇట్లా రావే. నా కుంకుమ కలిసి ఎర్రగా ఉంది. ఇదైనా లెక్కకొస్తుందా?"

వస్తుందన్నాను నైనా. గ్లాసు మీది కొలతగీతను అమ్మే చదివింది.