రెండు సంతకాల కట్టుబాటు

నాచారం,
19 ఫిబ్రవరి 2012, ఆదివారం.

ఉప్పల్ తెలుగు క్రైస్తవ కుటుంబాల సంఘం అధ్యక్షులు శ్రీ ఆశీర్వాదం గారికి,

ఆలేరు వలస కుటుంబాల సంఘం కార్యదర్శి చిదంబరం నమస్కరించి వ్రాయునది. మీరూ, రాహేలు అమ్మగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మేము క్షేమమే. "ప్రియమైన తమ్ముడూ" అని మొదలుపెట్టడం ఆరేళ్ల అలవాటు. ఈసారి కలం ఆ మాట దగ్గర ఆగిపోయింది. కనుక మిమ్మల్ని పదవితోనే సంబోధించాను.

కంటి ఆపరేషన్ తర్వాత నాకు దూరపు అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి. నిన్న ఆ బోర్డు మీది అక్షరాలూ స్పష్టంగానే కనబడ్డాయి.

మొదట చెప్పింది సంతోషి. షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, "సార్, శ్మశానానికి జాగ ఇచ్చిన్రంట. బోర్డు గూడ పెట్టిన్రు. గని మన పేరు లేదు" అన్నది. తొందరలో సగమే చదివి ఉంటావన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "సదువు నేర్పింది మీరే గద సార్. రెండుసార్లు సదివిన" అన్నది. ఆటో చేసుకుని వెళ్లి నేనూ రెండుసార్లు చదివాను. ఖనన వాటిక నిమిత్తం కేటాయించిన స్థలం, ఉప్పల్ తెలుగు క్రైస్తవ కుటుంబాల సంఘం. అంతే. మన ఉమ్మడి సమితి పేరు లేదు, మా సంఘం పేరు లేదు.

ఆశీర్వాదం గారూ, ఈ రెండు సంఘాలు ఎందుకు కలిశాయో మీకు గుర్తు చేయవలసి వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు.

2006లో సంతోషి భర్త హన్మయ్య మందుల ఫ్యాక్టరీలో గుండె ఆగి చనిపోయాడు. మా వారిలో ఖననమే ఆచారం. ఇక్కడి శ్మశానంవారు "మీరు కిరాయిలకుండెటోళ్లు, మీ ఊరికి తీస్కపోండ్రి" అన్నారు. శవంతో ట్రాలీ ఉప్పల్ చౌరస్తాలో నిలిచిపోయింది. బస్ డిపోలో డ్యూటీ దిగి సైకిల్‌పై వస్తున్న మీరు ఆగి, ఏడుస్తున్న సంతోషిని సంగతి అడిగారు. మీ సమాధుల తోటా అప్పటికే నిండిపోయింది. పాత గుంతలు తవ్వి వాటిలోనే కొత్తవారిని పెడుతున్న రోజులవి. అందులో మీ తల్లిగారి పక్కన మీ కోసం ఉంచుకున్న ఆరడుగుల చోటును మీరు హన్మయ్యకు ఇచ్చారు. మీ పెద్దలు "రేపు నిన్నేడ పెట్టాలె?" అని గద్దిస్తే, "నేనిప్పట్ల పోతలేను, ఫికర్ జేయకుండ్రి" అన్నారు.

నేను ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. అంత పాఠం ఎవరికీ చెప్పలేకపోయాను.

తర్వాత మీ ఇంట్లో జరిగిన తొలి సమావేశం గుర్తుందా? మా వారు ఒక వరుసలో, మీ వారు ఒక వరుసలో కూర్చున్నారు. రాహేలు అమ్మగారు చాయ తెస్తే మా వరుసలో ఒక్క చేయీ ముందుకు రాలేదు. హన్మయ్య తల్లి లక్ష్మీనర్సమ్మ లేచి, "నా కొడుకు పండుకున్నది వీళ్ల జాగల. వీళ్ల చాయ తాగకపోతే ఎట్ల?" అని మొదటి కప్పు తీసుకున్నది. ఉమ్మడి సమితి పుట్టింది ఆ కప్పుతోనే. ఇద్దరికీ సరిపోయేలా ఒకే ప్రహరీలో స్థలం అడగాలని ఆనాడే నిశ్చయించాము.

ఏ కాగితం ఏ కార్యాలయానికి పోయినా రెండు సంతకాలు, రెండు ముద్రలు ఉండాలన్న కట్టుబాటు పెట్టింది మీరే. "ఒక్క సంతకంతోని కాగితం పోతే, రేపు ఒక్కడే మాట్లాడుతడు సార్" అన్న మాట మీదే. మీరు వ్రాసిన తొలి అర్జీలో పదిహేడు తప్పులకు నేను ఎర్రసిరా పెట్టినప్పుడు, "మీరు పీనుగక్కూడ సంధులు నేర్పుతరు" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అర్జీని మూడుసార్లు తిరగవ్రాసి నిరుడు జనవరిలో ఇద్దరమూ కలిసి వెళ్లి ఇచ్చాము. జూన్‌లో కంటి ఆపరేషన్‌కు వెళ్తూ కూడా, నేను లేనని ఉమ్మడి పని ఆగకూడదని ఐదు లెటర్‌హెడ్‌లపై ముందే సంతకాలు చేసి మా ఉపాధ్యక్షుడు ఉమాపతికి అప్పగించాను. నా శ్రద్ధ అది.

మీ శ్రద్ధ ఏమిటో ఇప్పుడు తెలిసింది. జూన్ తర్వాత మీరు మా ఇంటికి రావడం తగ్గించారు. సకల జనుల సమ్మెలో బస్సులు లేవు, ఆఫీసులు మూతపడ్డాయి, అందుకే రావడం లేదని సరిపెట్టుకున్నాను. సమ్మె ముగిసింది. మీరు మాత్రం ఎదురుపడినా "బాగున్నరా సార్" అని ముందుకు సాగిపోయేవారు. మనసులో దాచినది ఉన్నవాడికి కాళ్లు నిలవవని ఇప్పుడు అర్థమవుతున్నది.

లక్ష్మీనర్సమ్మకు ఎనభై దాటాయి. నెల రోజులుగా మంచం దిగడం లేదు. నేను చూడబోయినప్పుడల్లా ఒకటే అడుగుతుంది, "సారూ, నన్నేడ పెడ్తరు?" అని. జాగ వస్తుందమ్మా, ఆశీర్వాదం ఉన్నాడు అని చెబుతూ వచ్చాను. ఇకపై ఏమి చెప్పాలో మీరే వచ్చి ఆమెకు చెప్పండి. నా నోట రాదు.

పరాయివాడు మోసగిస్తే అర్జీ పెట్టవచ్చు. మీ మీద ఎవరికి పెట్టాలి? ఉమ్మడి సమితి నుండి మా సంఘం ఈ రోజుతో వైదొలుగుతున్నది. ఉమ్మడి ముద్ర మీ వద్దనే ఉన్నది, మీరే ఉంచుకోండి. ఇక మీ వాకిట అడుగుపెట్టను.

ఇట్లు,
చిదంబరం,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు.

తా.క.: తమ్ముడూ, సాయంత్రం ఐదైంది. కవరు అంటించబోతుండగా సంతోషి వచ్చింది. పొద్దున చర్చి విడిచాక నీ ఇంటికి వెళ్లిందట. "కొట్లాడనీకే పోయిన సార్. అన్న తల దించుకొని కూసున్నడు. రాహేలక్కకే ఆగలే. బీరువాలకెల్లి కాగితాలు తీసి, మీ సారుకియ్యిపో అని నా చేతిల పెట్టింది" అన్నది.

మొదటి కాగితం మా లెటర్‌హెడ్. ఉమ్మడి అర్జీ నుండి మా సంఘం తప్పుకుంటున్నదని, ఇతర మతస్థులతో ఒకే ప్రహరీలో ఖననం మా వారికి సమ్మతం కాదని అందులో ఉన్నది. కిందటి జూన్ తేదీ. అడుగున నా సంతకం. ఫోర్జరీ అని సంతోషించబోయాను. కాదు, తమ్ముడూ. ఆ సిరా నాది, ఆ చెయ్యి నాది.

ఉమాపతికి ఫోన్ చేశాను. అతను దాచలేదు. "మనకు వేరే జాగ ఇప్పిస్తమని పెద్దమనుషులన్నరు సార్. కలిసుంటే రాదన్నరు. మీ కండ్లకు కట్లున్నయ్, అడిగినా మీరొప్పుకోరు. సంతకమైతే చేసే ఉండె" అన్నాడు. ఆ వేరే జాగ ఏదని అడిగితే, "రాలే సార్" అన్నాడు.

పిల్లవాడి సెలవు చీటీ మీద కూడా చదవకుండా సంతకం పెట్టని నేను, ఐదు తెల్ల కాగితాల మీద పెట్టాను.

ఆ కాగితం నకలు జూన్‌లోనే నీకు చేరిందట. అడగడానికి మూడుసార్లు మా వీధి మలుపు దాకా వచ్చి తిరిగిపోయావట. "ఆపరేషనైన మనిషిని ఎట్ల అడగాలె, అడిగితే సారుకు సిగ్గయితది" అన్నావని రాహేలు అమ్మగారు సంతోషితో చెప్పారట. ఎనిమిది నెలలు నన్ను ద్రోహి అనుకుంటూనే నాకు సిగ్గు కలగకుండా కాపాడావు. నేను ఒక్క రాత్రి అనుకున్నందుకే నాలుగు పుటలు నింపాను.

రెండో కాగితం నీ కొత్త అర్జీ. అందులో తొమ్మిది తప్పులున్నాయి. ఒక్కటీ దిద్దలేదు. చివరి పేరాలో నీవు వ్రాసినది ఇది: "తూర్పు సగము ఆలేరు వలస కుటుంబములకు. వారు అడిగినా అడగకపోయినా." మీ సంఘంలో "వాళ్లే ఒద్దన్నంక మనకెందుకు" అని కొందరు గొడవ పడినా నీవు ఆ పేరా తీయలేదట.

సంతోషి ఇప్పుడే అత్తకు జాగ ఉన్నదని చెప్పడానికి పోయింది.

పైన వ్రాసినదేదీ కొట్టివేయలేదు. నిన్ను నేను ఏమన్నానో నీకు తెలియాలి. ఉమాపతి వద్ద మిగిలిన నాలుగు లెటర్‌హెడ్‌లను మనిషిని పంపి తెప్పించాను. వాటిని ఈ లేఖతో పంపుతున్నాను. అడుగున నా సంతకం ఉన్నది. పైన ఏమి వ్రాస్తావో నీ ఇష్టం.

నీ అన్న,
చిదంబరం.