లీటరుకు ఇరవై ఐదు కిలోమీటర్ల నింద

కంకిపాడు,
6 జూన్ 2025, శుక్రవారం.

పూజ్యులైన నాగేశ్వరరావు మావయ్య గారికి,

మేనల్లుడు వేదవ్యాస్ నమస్కరించి, కాలిక్యులేటర్ చేతబట్టి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ స్కూటర్ కూడా రేపు పొద్దున తుక్కు వ్యాపారి వచ్చేదాకా క్షేమమే. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటంటారా? ఎదురుగా చెబితే సగంలోనే కేకలేస్తారు. నాకు మొత్తం చెప్పాలని ఉంది.

నా ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం మీరు పదిహేను రోజులు బస్సులో తిరిగి, బండి నాకిచ్చారు. అది ఎంత పెట్రోలు కాలుస్తుంది, ఎంత పొగ వదులుతుంది అన్నదే లెక్క. ట్యాంకు నిండా పోయించాలి, తిరగాలి, మళ్లీ నింపాలి. రెండోసారి ఎంత పడితే అంత కాలినట్టు. లీటరు కాలితే సుమారు రెండు కిలోల మూడు వందల గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని చెప్పాను. లీటరు తూగేదే ముప్పావు కిలో, అది పోస్తే రెండుంబావు కిలోల పైనా, ఉయ్యూరు చెరకులో కూడా ఇంత దిగుబడి లేదురా అన్నారు మీరు. ఆ ఎక్కువ బరువు గాలిలోని ఆక్సిజన్‌దని విన్నవించుకున్నాను. గాలికి బరువేమిట్రా అని పేపరు తిరగేశారు.

మొత్తం పన్నెండు లీటర్లు కాలింది. మీటరు ముల్లు నేను పుట్టకముందే ముప్పై దగ్గర సమాధిలోకి వెళ్లిపోయింది కాబట్టి, దూరం ఫోన్లో చూసి నోట్‌బుక్‌లో రాశాను. బెంజి సర్కిల్ దగ్గర మా కాలేజీకి పదిసార్లు రానూపోనూ, మూడు వందల కిలోమీటర్లు. అంటే లీటరుకు ఇరవై ఐదు. కిలోమీటరుకు తొంభై రెండు గ్రాములు. ఎప్పుడూ నలభై ఇచ్చిన బండి! మీరు కాగితం రెండుసార్లు చదివి, అయితే ముసలిది ఊరంతటికీ పొగ పెడుతోందన్నమాట, పంపించేద్దాం అన్నారు. తరవాత పెరట్లోకి వెళ్లి సీటు తుడిచి వచ్చారు. ఎవరూ చూడలేదనుకున్నారు.

మావయ్యా, ఆ రిపోర్టు తప్పు.

పెట్రోలు లెక్క నిజమే. దూరమే దొంగలెక్క. రోజుకు పన్నెండు చొప్పున పదిహేను రోజులు, నూట ఎనభై కిలోమీటర్లు నేను నోట్‌బుక్‌లో ఎక్కించలేదు. కలిపితే లీటరుకు అక్షరాలా నలభై. కిలోమీటరుకు యాభై ఏడున్నర గ్రాములు. ప్రాజెక్టు చూసే మా శాలిని మేడమ్ కూడా, ఇంజిన్ తాగిందా, నువ్వు తిరిగావా అని అడిగారు. నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.

ఎవరు తిరిగారో చెప్పనని ఒట్టేశాను. సంతకం దాకా ఆ ఒట్టు తప్పను. తుక్కాయనకు ఇప్పుడే ఫోన్ చేసి రావద్దనండి. నిర్దోషిని తూకానికి వేయకండి.

ఇట్లు,
పన్నెండు లీటర్ల పాపంలో భాగస్థుడు,
వేదవ్యాస్

తా.క.: సంతకం కింద చెబితే ఒట్టు తప్పినట్టు కాదని తీర్పిచ్చింది అత్తయ్యే. తిరిగిందీ ఆవిడే. తను పాఠాలు చెప్పే బడి తెరిచేలోపు బండి నేర్చుకోవాలని, ఆటోల కోసం రోడ్డు మీద నిలబడే పని ఇక ఉండకూడదని పంతం. మిమ్మల్ని నేర్పమంటే, రెండు కాళ్ల మీదే తూలుతావు, నీకు రెండు చక్రాలెందుకే కనకం అన్నారట. అందుకని మీరు ఎనిమిదింటి బస్సెక్కగానే మేం కాలువ గట్టెక్కేవాళ్లం. మొదటిరోజు ఒక బాతుల మంద రెండు మందలైంది. బండి తుక్కుకు పోతోందని తెలిశాక, రాసెయ్‌రా వ్యాసూ, నేనే పట్టుకెళ్లి ఇస్తా అంది.

కవరు మీద స్టాంపు లేదు, గమనించారా? మీ ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌కి దీన్ని ఇచ్చిన హెల్మెట్ మనిషి కొరియర్ కాదు. బయటే ఉంది. బండికి ఎల్ బోర్డు ఉంది కనుక వెనక లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. ఇక్కడిదాకా నేను కూర్చున్నాను. ఇప్పుడు నేను బస్సెక్కుతున్నాను. సీటు మీరు తుడిచిందే.