గుర్రం మీద పొడుగు కుర్తా

బాపట్ల,
మే 12, 2006.

నా హలీమా ఆపాకి,

చెల్లెలు ఆసియా సలాములు. ఫోన్ చేస్తే ఎత్తుతావని తెలుసు. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్లో అయితే నేను వాదిస్తాను. నీకు తెలుసుగా, రెండో మాటకే నా గొంతు మైకు ముందు గొంతు అయిపోతుంది. ఈ విషయంలో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు.

సిమ్రాన్ నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో అర్థం కాక నువ్వు అన్నం కూడా సరిగ్గా తినడం లేదని జమీర్ బావ మా ఆయన ఫరూక్‌తో అన్నాడట. దానికి నీ మీద కోపం ఆపా. ఆ కోపం పుట్టించింది నేను. తనని గుర్రం మీంచి పడేసింది నీ కుర్తా అనుకుంటోంది నా కూతురు. అది నీ కుర్తా కాదు, నాది.

మొదట్నించీ చెప్తాను. వెటర్నరీ కాలేజీలో ఇది ఎన్.సి.సి. గుర్రపు దళంలో చేరిందని తెలిసినప్పుడు నేను ఎంత ఎగిరానో నీకు గుర్తుంది. "జమీందార్లు కూలి జనం మీదికి తోలిన జంతువే గుర్రం! ఆ ఇంగ్లీషు స్వారీ మనకెందుకు?" అన్నాను. నెల తిరక్కుండానే, చలికాలం పోటీలకి దాన్ని ఎంపిక చేశారనగానే మాట మార్చాను. "గుర్రం దొరలదే ఎందుకవ్వాలి? తెనాలి టైలర్ల ఇంటి ఆడపిల్ల జీనెక్కితే తప్పేంటి?" అని మా సంఘం మీటింగులో మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పుడు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

సెలవుల్లో అలవాటు తప్పకుండా రేపల్లెలో దేవసహాయం గారి దగ్గర నేర్చుకుంటానంది. సైన్యంలో గుర్రాల దళంలో చేసి రిటైరై, ఊరి బయట చేపల చెరువుల పక్కన మూడు గుర్రాలు పెట్టుకున్నాడే, ఆయన. ఇక బట్టల వేట మొదలైంది. ఫరూక్ తన స్కూటర్ హెల్మెట్ తెచ్చి దాని నెత్తిన పెట్టాడు. "అబ్బా, ఇది పెట్టుకుంటే నాకు గుర్రం కనపడదు, నన్ను చూసి అది పారిపోతుంది" అని నవ్వింది. బూట్లకి చిన్న మడమ ఉండాలి, లేకపోతే కాలు మోపే రికాబులోంచి పాదం అవతలికి జారిపోతుంది. అడుగు నున్నగా ఉండాలి, లేకపోతే ఇరుక్కుంటుంది అని నాకు పాఠం చెప్పింది. తెనాలి బజారులో షాపువాడు "ఎవరికండి, సినిమా షూటింగుకా?" అంటే వాడితో పోట్లాడాను. అన్నిటికంటే ముఖ్యమని అది మళ్ళీ మళ్ళీ చెప్పింది ఒకటే: "అమ్మీ, ఒంటి మీద వేలాడేదేదీ ఉండకూడదు. చున్నీ వద్దు, గాజులొద్దు. చొక్కా లోపలికి దోపాలి." విన్నాను ఆపా. చెవులారా విన్నాను.

బిగుతు ప్యాంటు కుట్టించడానికి నీ దగ్గరికి వచ్చినప్పుడు నేను యుద్ధానికే వచ్చాను. నువ్వు కాదంటావని, "ఆడపిల్లకి ఇంత బిగుతా" అంటావని దారి పొడుగునా జవాబులు కూర్చుకున్నాను. నువ్వేమన్నావు? "ఈ బట్ట ఎవరికి నచ్చాలే, జనానికా గుర్రానికా? గుర్రానికే అయితే గుర్రాన్ని అడిగి కుడతాను" అని నవ్వావు. దాన్ని మంచం పట్టె మీద కాళ్ళు అటూ ఇటూ వేసి కూచోబెట్టి, మోకాలు ఎంత వంగుతుందో చూసి కొలతలు తీసుకున్నావు. తొడ లోపలివైపు కుట్టు రాకుండా, ఒరుసుకునే చోట మెత్తటి తోలు ముక్క వేసి కుట్టావు. నేను కూర్చుకున్న జవాబులన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. నిజం చెప్తున్నాను, నువ్వు ఒప్పుకున్నందుకు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ ప్యాంటు, బూట్లు, దోపిన చొక్కాతో సిమ్రాన్ నాతో రేపల్లె ప్యాసింజర్ ఎక్కింది. వేమూరులో మా బాపట్ల సంఘం పున్నారావు ఎక్కాడు. మహిళా సదస్సులో నా పక్క కుర్చీలో కూచున్న మనిషి. దాన్ని కాళ్ళ దగ్గర్నించి పైదాకా చూసి, "ఏంటి మేడం, అమ్మాయిని సర్కస్‌లో చేర్చారా?" అన్నాడు. వెనక సీటులోంచి ఎవడో "టికెట్ ఎంతండి?" అన్నాడు. పెట్టె అంతా నవ్వింది. సిమ్రాన్ ఏమీ తడబడలేదు. "మీకు ఫ్రీ బాబాయ్, జోకరు పోస్టు ఖాళీగానే ఉంది" అంది. మళ్ళీ నవ్వారు, ఈసారి వాడి మీద. నేను గర్వపడాల్సిన క్షణం అది. నేనేం చేశానో తెలుసా? నా చేతి సంచి తీసి దాని ఒళ్ళో పెట్టాను, తొడలు కనపడకుండా. అది నా వంక చూసింది. నా కూతుర్ని నేను ఆ మగవాళ్ళ కళ్ళతో చూశాను ఆపా. ఇరవై ఏళ్ళుగా ఏ చూపు మీద వ్యాసాలు రాస్తున్నానో ఆ చూపు నా కళ్ళల్లోనే ఉంది.

ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేశాను. "సిమ్రాన్‌కి మోకాళ్ళు దాటే కుర్తా ఒకటి కావాలి, దేవసహాయం గారు వేసుకోమన్నారట" అన్నాను. "గుర్రం మీద పొడుగు కుర్తానా? సరిగ్గా విన్నావా?" అని అడిగావు. విన్నానన్నాను. కుట్టి పంపావు. దానికేమో "ఖాలా తనంతట తానే కుట్టింది, నువ్వు వేసుకోకపోతే బాధపడుతుంది" అన్నాను. "ఖాలా అలాంటిది కాదే" అంది. "నీకు తెలియదులే ఆవిడ పట్టింపు" అన్నాను. నీ మీద ప్రేమతో వేసుకుంది. దేవసహాయం గారు చూసి "ఇదేంటమ్మా వేషం?" అని గద్దించాడు. "ఈ ఒక్కరోజుకేనండి, మా ఖాలా కుట్టింది" అంది. అయితే నడుముకి ముడేసుకో అన్నాడు. వేసుకుంది.

స్వారీ అంతా బాగానే జరిగింది. దిగేటప్పుడు, రెండు కాళ్ళూ రికాబుల్లోంచి తీసి, జీను మీద బోర్లా వాలి కిందికి జారాలి. ఆ జారడంలో ముడి వదిలి, కుర్తా అంచు జీను ముందు కొమ్ముకి తగులుకుంది. పిల్ల గాల్లో వేలాడింది. గుర్రం బెదిరి నడిచింది. బట్ట చిరిగితే పడి లేచేది. కానీ హలీమా కుట్టు ఊడదుగా, తెనాలి అంతా చెప్పుకునే మాటే. దేవసహాయం గారు కళ్ళెం పట్టుకునేలోపు విసురుకి కుర్తా కొమ్ము మీంచి జారి, పిల్ల ఎడమ భుజం నేలకి తగిలేలా పడింది. మెడ దగ్గర ఎముక విరిగింది.

ఇంతవరకు చెప్పింది నా పిరికితనం. ఇక నా నీచత్వం చెప్తాను. ఆసుపత్రి వరండాలో ఫరూక్ "ఎవరు వేయమన్నారు దీనికి ఈ కుర్తా?" అని అరిచాడు. "ఆపా" అన్నాను. అంతే. ఇంకెవరూ ఇంకేమీ అడగలేదు. అందరూ నమ్మేశారు. ఎందుకు నమ్మరు? 'నల్ల గుడ్డ వెనక మా అక్క' అని నేనే కదా వ్యాసం రాసింది. నీ పేరు రాయలేదు గానీ, బురఖా వేసుకుని తెనాలిలో మిషన్ కుట్టే అక్కలు నాకు ఎంతమంది ఉన్నారు? పున్నారావు బత్తాయిలు పట్టుకుని వచ్చి, "చూశారా మేడం, ఛాందసం మన ఇళ్ళల్లోనే ఉంది. మీరు దీన్ని రాయాలి" అన్నాడు. రైల్లో నవ్విన నోటితోనే అన్నాడు. "రాస్తాను" అన్నాను. కూచుని మొదటి వాక్యం రాశాను కూడా. బాగా వచ్చింది ఆపా ఆ వాక్యం. అదే నన్ను చంపుతోంది.

నిన్న సిమ్రాన్ కట్టుతో మంచం మీద పడుకుని, "ఖాలా ఇంటికి ఇక రాను. పోటీకీ వెళ్ళను. ఇంకా ఎంతమందికి నచ్చేలా బట్టలు వేసుకోవాలి నేను?" అంది. నోరు తెరిచాను. వెయ్యిమంది ముందు వచ్చే మాట పంతొమ్మిదేళ్ళ పిల్ల ముందు రాలేదు. అందుకే నిన్ను బతిమాలుతున్నాను. నువ్వొచ్చి ఈ ఉత్తరం దానికి చూపించు. నా నోటితో చెప్పలేను. నన్ను క్షమించు.

నీ ముందు తలెత్తలేని,
ఆసియా.


తెనాలి,
మే 16.

ఆసియాకి,

ఆపా దువాలు. నాకు నీలా రాయడం రాదు. తప్పులుంటే నీ ఎర్ర పెన్ను తియ్యకు.

నీ ఉత్తరం జమీర్ చేత చదివించుకోలేదు, నేనే చదువుకున్నాను. కుర్తా కత్తిరించేటప్పుడే నా చెయ్యి వద్దంది. వేలాడేదేదీ ఉండకూడదని పిల్ల నాకూ చెప్పింది మంచం పట్టె మీద కూచుని. అయినా చదువుకున్న చెల్లెలు చెప్పింది కదా అని కుట్టాను. గుర్రం మీద కదా, గట్టిగా ఉండాలని రెండేసి కుట్లు వేశాను. నా కుట్టు ఊడదని ఎవరన్నా మెచ్చుకుంటే ఇప్పుడు చెవులు మూసుకోవాలనిపిస్తోంది. నా తప్పు అంతవరకే. మిగతాదంతా నీదే. నాది కలిపేసుకుని నీది తగ్గించుకోకు.

నీ వ్యాసం నేను చదివాను. ఎప్పుడో చదివాను. జమీర్ దాచాడు గానీ, ఎవరో జాకెట్టు బట్ట చుట్టి తెచ్చిన కాగితం అదే. నేను బురఖా ఎందుకు వేసుకుంటానో ఇన్నేళ్ళల్లో నువ్వు ఒక్కసారి అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. ఒక్కోసారి నాకే తెలియదని కూడా చెప్పేదాన్ని. అడగకుండా నా తరఫున రాసేశావు. ఈసారి అడగకుండా నా నోట్లో మాటే పెట్టేశావు. రెండూ ఒకటేనే పిచ్చిదానా.

ఉత్తరం నేను చూపించను. దీనితో పాటే తిప్పి పంపుతున్నాను. తప్పు నీ నోటితో చేశావు, నోటితోనే చెప్పు. ఫరూక్ ముందు చెప్పు. మాఫ్ చేశానా అని నన్ను ఇప్పుడే అడక్కు. పడింది నేను కాదు. ముందు పిల్లకి చెప్పి, తర్వాత తెనాలి రా. టీ అయితే ఇస్తాను. ఇంకేమిస్తానో అప్పుడు చూద్దాం.

ఆ మొదటి వాక్యం చింపెయ్యి. బాగా వచ్చిందన్నావు కాబట్టి తప్పకుండా చింపెయ్యి.

హలీమా.


బాపట్ల,
మే 21.

ఖాలా జాన్,

అమ్మీ చెప్పేసింది. నీ ఫోన్ ఎత్తనందుకు నాకు ఎంత సిగ్గుగా ఉందో ఎలా చెప్పాలో తెలియడం లేదు. విరిగింది ఎడమవైపు కాబట్టి కుడి చేత్తో రాస్తున్నాను, అక్షరాలు బాగా లేకపోతే అది సిగ్గు వల్లే.

నిన్న పొద్దున టిఫిన్ దగ్గర అమ్మీ లేచి నిలబడింది. నిజంగా నిలబడింది, స్టేజీ మీద నిలబడ్డట్టు. "మన సమాజంలో స్త్రీ శరీరం మీద" అని మొదలెట్టింది. "అమ్మీ, ఉపన్యాసం వద్దు. ఏం జరిగింది?" అన్నాను. కూచుంది. ఇడ్లీ వంక చూస్తూ, "ఆ కుర్తా నేను కుట్టించాను. ఖాలాకి అబద్ధం చెప్పాను, నీకూ చెప్పాను. నిన్ను చూసి నాకు సిగ్గేసింది" అంది. అబ్బా తినడం ఆపేశాడు. "నన్ను చూసా, నన్ను చూసేవాళ్ళని చూసా?" అని అడిగాను. "ఆ రైల్లో నాకు తేడా తెలియలేదు" అంది. అబ్బా లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. నేనూ అంతే. కోపం పోలేదు ఖాలా. పోయిందని అమ్మీకి చెప్పకు.

సాయంత్రం పున్నారావు బాబాయ్ వ్యాసం అయిందా అని వచ్చాడు. అమ్మీ గేటు దగ్గరే నిలబెట్టి, "మా ఆపా గురించి రాయను. రైలు గురించి రాస్తున్నాను. వేమూరులో మొదలవుతుంది. అందులో నేనూ ఉన్నాను, మీరూ ఉన్నారు" అంది. ఆయన సైకిలు ఎక్కిన తీరు చూడాల్సింది, నా కంటే ఘోరంగా పడేవాడు.

ఎముక అతుక్కున్నాక మళ్ళీ రేపల్లె వెళ్తాను. పోటీకి వెళ్తాను. తెల్ల చొక్కా ఒకటి కుట్టు, లోపలికి దోపుకునేది. భుజం దగ్గర వదులు పెట్టు, కట్టు విప్పాక కొలతలకి వస్తాను. ఇంకో మాట. జీనుకి రికాబు పట్టీ తగిలించే కొక్కెం గట్టిగా బిగించరట, మనిషి కాలు ఇరుక్కుని పడితే పట్టీ దానంతటదే ఊడి వచ్చేలా పెడతారట. దేవసహాయం గారు చెప్పారు. నువ్వు కూడా ఎక్కడో ఒకచోట ఒంటి కుట్టు వెయ్యి. నీ పేరేమీ పోదు.

పోటీ చూడడానికి నువ్వు రావాలి. ఏం వేసుకుని వస్తావని అడగను, వస్తావా అనే అడుగుతున్నాను. అమ్మీ కూడా వస్తానంది. ఇందాక వచ్చి, "అక్కడికి నేనేం కట్టుకుని రావాలే?" అని అడిగింది.

"నీ ఇష్టం" అన్నాను.

గుమ్మంలో అలాగే నిలబడిపోయింది ఖాలా. ఇంకా అక్కడే ఉంది.

నీ సిమ్రాన్.