డ్యామేజీ దుప్పటి

కొండమ్మక్కా,

రేకుల షెడ్డులో మొదలైన మనం కూలికి కుట్టిన దుప్పట్ల కంపెనీ ఇవాళ అరకులో అద్దాల షోరూమ్ తెరిచింది.

నువ్వు పోయిన రోజు, నీ మీద కప్పడానికి ఒక్క డ్యామేజీ దుప్పటి ఇమ్మని సూపర్‌వైజర్‌ని అడిగాను. "డ్యామేజీవి కాల్సేత్తాం గానీ బయటికివ్వమే గుంటా. బ్రాండు పరువు పోదేటి?" అన్నాడు. నువ్వు కుట్టిన దుప్పట్లు షెడ్డు నిండా ఉండగా, నిన్ను పాత చీరలో పూడ్చాం.

ఇవాళ ఆ షోరూమ్‌లో వాడే నా చేతికి అన్నిటికంటే ఖరీదైన దుప్పటిచ్చి, "బేగి మంచం మీద పరిసెయ్, ఓనరుగారొత్తన్నారు" అన్నాడు. పరిచాను. ఓనరు ఎదురుగానే కత్తెరతో అంచు కోశాను.

"డ్యామేజీ అయిపోనాది సార్. కాల్సేత్తారా, మా అక్క మీద కప్పమంటారా?"

దుప్పటి చంకన పెట్టుకుని వచ్చేశాను. ఇప్పుడది నీ మట్టి మీదుంది. వాళ్లు కాల్చాలనుకుంటే, ఇక్కడికొచ్చి నా ముందు కాల్చమను.