పుట్ట దాకా నడక

జగిత్యాల,
ఆదివారం మధ్యాహ్నం.

సుస్మిత వాళ్ళ బాపుకు,

సరిత నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ అత్తమ్మ, సుస్మిత, నేను కులాసాగానే ఉన్నాం. అక్కడ మస్కట్‌లో మీ ఒంట్లో బాగుందనీ, వేళకు తింటున్నారనీ తలుస్తున్నాను. ఫోన్‌లో ‘నువ్వు’ అనేది కాగితం మీద ‘మీరు’ అంటోందేమిటని నవ్వకండి. పెన్ను పట్టుకుంటే చేయి అలాగే రాస్తోంది.

మీ రూము ప్రేమ్‌కుమార్ సెలవు అయిపోయి ఎల్లుండి మస్కట్‌కు బయలుదేరుతున్నాడు. మీ ఉత్తరం తెచ్చిన చేతికే ఈ ఉత్తరం, మామిడికాయ తొక్కు, సకినాలు ఇచ్చి పంపుతున్నాను. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఇంత పెద్ద ఉత్తరం ఎందుకంటారేమో. ఫోన్‌లో నేను ఒక మాట మొదలుపెట్టేలోపు మీరు నాలుగు ప్రశ్నలు వేస్తారు. పక్కన మీ రూము వాళ్ళంతా ఉంటారు. ఇది అట్లా చెప్పే సంగతి కాదు. ఇంకో మాట, కాగితం తిప్పి చివర ఏముందో ముందే చూడకండి. మీకా అలవాటుంది.

మీరు అడిగినవాటికి వరుసగా జవాబు చెప్తాను. అత్తమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కోరుట్లలో మా తమ్ముడు చెప్పిన డాక్టరుకు చూపించాను. రోజూ కాసేపు నడవమన్నాడు. అత్తమ్మ బయటికి వచ్చి, “నడిస్తే నొస్తదని చెప్తే నడువుమంటడు, గీయనేం డాక్టర్” అని దారి పొడుగునా తిట్టింది. సుస్మిత చదువుతోంది, లెక్కల్లోనే కాస్త వెనకబడింది. ట్యూషన్‌లో చేర్పించాను.

జేసీబీ వచ్చిందా అని అడిగారు. వచ్చింది. శ్రావణంలో ఇంటి పునాదికి ముగ్గు పోయించావా అని అడిగారు. పోయించలేదు. వానలు పడుతున్నాయని ఫోన్‌లో చెప్పాను కదా, వానలు పడిన మాట నిజమే కానీ ముగ్గు ఆగింది వాటివల్ల కాదు. మీరు కడుపు కట్టుకుని కొన్న ప్లాటు. దాంట్లో పని ఆగిపోయింది నా వల్ల. అందుకే నెల రోజులుగా నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

ఆదివారం పొద్దున ఫోన్ ఎందుకు ఎత్తవని కూడా రాశారు. ముందు దానికి జవాబు చెప్తే మిగతాది అర్థమవుతుంది.

డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సంగీత మేడమ్ అని ఒకామె ఉన్నారు. ఎండాకాలం సెలవుల ముందు సుస్మిత బడికి వచ్చి, ఆదివారాలు పొద్దున్నే పిల్లలనూ పెద్దలనూ ఊరి చుట్టూ నడిపించి పిట్టలు, పురుగులు, చెట్లు చూపిస్తానని చెప్పారట. సుస్మితను ఒక్కదాన్ని పంపలేక తోడు వెళ్ళాను. రెండు వారాలకే మీ బిడ్డ “నాకు నిద్రస్తది, నువ్వు పో మమ్మీ” అని దుప్పటి కప్పుకుంది. నేను మాత్రం మానలేదు. ఒకరోజు మేడమ్‌కు గొంతు పోయింది. చెరువు కట్ట మీద అందరూ నిలబడి ఉన్నారు. “సరితా, నీరుకాకి గురించి మొన్న చెప్పుకున్నాం కదా, నువ్వు చెప్పు” అన్నారు. ముందుకొచ్చి చెప్పాను. అది నీళ్ళలో మునిగి లేచాక రెక్కలు చాపి ఎందుకు ఆరబెట్టుకుంటుందో చెప్తుంటే అందరూ నన్నే చూస్తూ విన్నారు. మన పెళ్ళైన దగ్గర్నుంచి నేను మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ లేచిపోకపోవడం అదే మొదలు. ఆ రోజు నుంచి నాకు దాని పిచ్చి పట్టింది. మేడమ్ పుస్తకాలు తెచ్చుకుని పొయ్యి దగ్గర కూడా చదివేదాన్ని.

తర్వాత సిరిసిల్లలో ఒక కాలేజీలో ప్రకృతి ప్రదర్శన పెట్టారు. మా శాంతక్క వాళ్ళింట్లో దిగి రెండు రోజులు అక్కడే ఉన్నాను. బల్లల మీద గింజలు, రాలిపడిన గూళ్ళు, అద్దాల పెట్టెలో ఒక పాము కుబుసం. ఆ కుబుసం తెచ్చింది నేనే కాబట్టి దాని పక్కన నన్నే నిలబెట్టారు. పొలుసులు చూసి అది జెర్రిపోతుదని, విషం లేని పామని మేడమ్ ముందే చెప్పారు. నేను వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాను. ఒక పెద్దామె అంతా శ్రద్ధగా విని, చెప్పులు విడిచి, అద్దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. కొప్పులోంచి ఒక పువ్వు తీసి పెట్టె మీద పెట్టి వెళ్ళింది. ఇంటికొచ్చి శాంతక్కకు చెప్పి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది.

ఆ కుబుసం మన ప్లాటులో దొరికిందే. ధర్మపురి రోడ్డు వైపు గోడకు ఆనుకుని పుట్ట ఉంది చూడండి, దాని పక్కన. ప్లాటు రిజిస్ట్రేషన్ అయిన రోజు మీరు ఆ పుట్ట పక్కన నిలబడి ఫోటో దిగారు. అప్పుడు మీ భుజం దాకా ఉండేది. ఇప్పుడు మీ తలను దాటుతుంది.

సిరిసిల్ల నుంచి వచ్చాక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. వచ్చే ఆదివారం ఎటు పోదాం అని మేడమ్ అడిగితే, “నేనొక చోటు చూపిస్తాను, అట్లాంటి పుట్ట మీరు చూసి ఉండరు” అన్నాను. మన ప్లాటని కూడా గొప్పగా చెప్పుకున్నాను. ఆ రోజు చాలామంది వచ్చారు. చెదలు మట్టిని ఎట్లా నమిలి పేరుస్తాయో, గాలి ఆడడానికి దారులు ఎట్లా పెట్టుకుంటాయో, లోపల రాణి ఎట్లా ఉంటుందో, వదిలేసిన కన్నాల్లోకి చల్లదనానికి పాములు ఎందుకు చేరతాయో అన్నీ చెప్పాను. పక్క వాడలో ఉండే రాములవ్వ చెంబు పట్టుకుని పోతూ ఆగి, చివరిదాకా విన్నది. నాకు ఎంత సంతోషమైందంటే ఆమెను ముందుకు పిలిచి కుబుసం దొరికిన కన్నం కూడా చూపించాను.

మరుసటి ఆదివారం పోయేసరికి పుట్టకు పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. చూడముచ్చటగా ఉందని ఫోటో కూడా తీసుకున్నాను. నాగుల పంచమి నాడు వాడంతా పాలచెంబులతో వచ్చింది. ఆ వారంలోనే రాములవ్వ మనవడికి జ్వరం తగ్గింది. పుట్టమన్ను నుదుట పెడితేనే తగ్గిందన్నారు. తర్వాత జెండా వచ్చింది, తర్వాత నాలుగు గుంజలు పాతి రేకులు వేశారు. మన ప్లాటులో రేకుల పందిరి లేచింది, నేను ప్రతి వారం పోయి చూసి, వాళ్ళే మానుకుంటారులే అనుకుంటూ వచ్చాను. మీకు చెప్పడానికి నోరు రాలేదు.

చివరికి ధైర్యం చేసి రాములవ్వ ఇంటికి పోయాను. “అవ్వా, అది మేం ఇల్లు కట్టుకునే జాగ” అన్నాను.

ఆమె కోపం చేయలేదు. పీట వేసి కూర్చోమంది. “నువ్వే గదా బిడ్డ తోల్కచ్చి చూపిచ్చినవ్. పాము ఉంటదని నీ నోటితోనే అంటివి. ఇప్పుడు ఏం లేదంటే ఎట్ల?”

“జెర్రిపోతు అన్న గదవ్వా, నాగుపాము అన్లే.”

“దేవుడు గీ రూపంలనే రావాల్నని ఉన్నదా? ఏ రూపంలనన్న అస్తడు” అన్నది. చాయ్ తాగి వచ్చేశాను.

మా తమ్ముడికి ఈ గొడవ తెలియదు కాబట్టి ప్లాటు చదును చేయడానికి కోరుట్ల నుంచి జేసీబీ పంపాడు. డ్రైవరు పేరు సామేలు. పందిరి చూడగానే బండి ఆపి దిగాడు. “నాకైతే పట్టింపు లేదక్కా. మేం చర్చికి పోయెటోళ్ళం. గని రేపు గీ వాడల ఎవలికి జరమొచ్చినా నా బండి పేరే చెప్తరు. ప్లాటు నీది. నువ్వు నీ నోటితోని తవ్వుమను, తవ్వుత.”

నేను అనలేదు. ఇదే మీకు చెప్పలేక దాచిన మాట. ఎవరో అడ్డుపడ్డారని రాస్తే సరిపోయేది, మీరు నమ్మేవారు. కానీ ఆ పొద్దున అక్కడ ఎవరూ లేరు. సామేలు, నేను, ఆ పుట్ట. పాలు పోసీ పోసీ ఒక పక్క మట్టి కరిగి జారింది. జారిన చోట చెదలు అప్పటికే తడిమట్టి పెట్టి పూడుస్తున్నాయి. నాకు దేవుడి భయమా అంటే కాదు. అంతమందిని తీసుకొచ్చి దాని బతుకంతా విప్పి చెప్పిన నోరు తవ్వమనడానికి పెగల్లేదు. మీరు అక్కడ ఎండలో నిలబడి సంపాదించింది కళ్ళ ముందు మెదిలింది, అయినా పెగల్లేదు. సామేలు కాసేపు చూసి బండి తిప్పుకుని పోయాడు. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను.

తర్వాత వాడ పెద్దమనిషి గంగారాం మామ దగ్గరికి పోయాను. పందిరి రోడ్డు అవతలికి మార్చుకోండి, పుట్టను కదిలించకుండా ఒక పక్క వదిలి మేం చిన్న ఇల్లు కట్టుకుంటాం, పుట్టకు పాలు పోయడం మాత్రం మానండి అని చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. అంతా విని, “ఇంటాయన రానియ్యి బిడ్డ, అందరం కూసోని మాట్లాడుదాం” అన్నాడు.

“ప్లాటు నా పేరు మీదనే ఉన్నది మామా.”

“పేరు నీదే. మాట ఆయనతోని గదా అయ్యేది.”

ఊరంతా ఆదివారం నా మాట వింటుంది, నా ప్లాటు గురించి మాత్రం నా మాట వినరు. ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ రెండుసార్లు పోయాను. అదే జవాబు.

మీకు కోపం వస్తుందని తెలుసు. రావాలి కూడా. పుట్ట పక్కన వదిలితే మీరు అనుకున్న ముందు గది ఉండదు, రెండు గదులే వస్తాయి. పూర్తిగా తవ్వించాలంటే వాడతో పగ. ఏది చేయాలో ఫోన్‌లో మాత్రం చెప్పకండి. వచ్చి, ఆ పుట్ట ముందు నిలబడి చూసి చెప్పండి. అప్పుడు మీరు తవ్వమంటే సామేలుకు నేనే ఫోన్ చేస్తాను.

గృహప్రవేశానికే వస్తానని వచ్చిన సెలవులన్నీ వదులుకున్నారు. ఇల్లు లేచాకే మీరు వస్తారు, మీరు వస్తే గానీ ఇల్లు లేవదు. గంగారాం మామ గుమ్మం దిగుతుంటే నాకు ఈ మాట తట్టింది. సిగ్గుతో చచ్చిపోతున్నదాన్ని, మీ కష్టాన్ని మట్టిపాలు చేసినదాన్ని, ఇక మీరు రాక తప్పదని ఆ మెట్ల మీదే నిలబడి సంతోషపడ్డాను. అది కూడా మీకు తెలియాలి.

ఇట్లు,
మీరు ఎప్పుడొస్తారని అడగడం ఈసారి మానుకోని
మీ సరిత